ముందుగాల ఎవరు పోతున్రో అడుగు

నాంపల్లి స్టేషన్ ముందు ఫుట్‌పాత్ రాళ్ళు ఎప్పుడూ సమంగా ఉండవు. వాటి మీద ఎవరైనా ట్రాలీ బ్యాగు లాక్కుపోతే చక్రాలు టకటకా మోగుతాయి. ఈ పొద్దున ఆటో కోసం నిలబడి ఉంటే వెనక అదే చప్పుడు. తిరిగి చూడకుండానే అనుకున్నాను, బ్యాగు నిండుగా ఉంది, లాగే మనిషికి తొందర లేదు, చాలా రోజులకే పోతోందని. తిరిగి చూస్తే అచ్చం అలాగే ఉంది. ఈ పిచ్చి నాకు అంటించింది మార్తా మేడం.

మేడంది మెదక్. ఫిన్లాండులో నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక వచ్చి, స్టేషన్ వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకుని, ఆ దేశం వెళ్ళబోయే మన నర్సమ్మాయిలకు ఫిన్నిష్ నేర్పేవారు. మాది సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణం. పక్కింటి నర్సమ్మాయికి తోడుగా వెళ్ళినదాన్ని, ఆ అమ్మాయి మానేసినా నేను మానలేదు. తెలుగు, ఉర్దూ, మార్వాడీ బేరాల మధ్యే నేర్చుకున్నదాన్ని, ఇంకో భాష నాకో లెక్కా అనుకున్నాను. ఇంటిని వాళ్ళు 'కోతి' అంటారని మేడం చెప్పిన రోజు క్లాసంతా పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆవిడ మాత్రం నవ్వలేదు. "నవ్వుకోన్రి. గాడికి పోయినంక గా మాట వింటే ఏడుస్తరు," అన్నారు.

నాన్నకు ఈ చదువు అస్సలు ఎక్కలేదు. "ఫిన్లాండోళ్ళు వచ్చి మన దగ్గర చీరలు కొంటరా ఏంది?" అనేవాడు. చివరికి ఒక మాట మీదికి వచ్చాం. దసరా లోపల ఈ భాషతో నాకు నిలకడైన పని దొరకాలి, లేకపోతే దుకాణంలో కూర్చోవాలి. దుకాణంలో కూర్చోవడమంటే నాకు ప్రాణం పోయినంత పని. సరిగ్గా అప్పుడే బషీర్‌బాగ్‌లో ఒక చిన్న ట్రావెల్ ఆఫీసు వాళ్ళు, ఫిన్లాండు నుంచి వచ్చే బృందం కోసం తమ ఇంగ్లీషు కరపత్రాన్ని ఫిన్నిష్‌లోకి మార్చమన్నారు. నచ్చితే ఇకముందు పనంతా నాకేనన్నారు.

కరపత్రం నిండా ఒకటే మాట, ట్రిప్. ఆ మాట మనకు కొత్తా? బడిపిల్లల ఆటోది ట్రిప్పే, నీళ్ళ ట్యాంకరుదీ ట్రిప్పే, తిరుపతికి పోయినా ట్రిప్పే, కరెంటు పోయినా ట్రిప్పయిందనే అంటాం. ఫిన్నిష్‌లో అలా కుదరదు. దూర ప్రయాణమైతే 'మత్కా'. నలుగురు దోస్తులు సరదాగా తిరిగొస్తే 'రెయిస్సు'. టిఫిన్ డబ్బా కట్టుకుని పొద్దున షికారుకు పోయి సాయంత్రానికి ఇల్లు చేరితే 'రెత్కి'. కరపత్రంలో ఉన్నవన్నీ పూటకు పోయి పూటకు వచ్చేవే కాబట్టి, అన్నిచోట్లా రెత్కి అని రాసేసి, కాలర్ ఎగరేసుకుంటూ మేడం దగ్గరికి పోయాను.

ఆవిడ చదివి కళ్ళద్దాలు తీశారు. "ఎవరు పోతున్రు?"

"టూరిస్టులు మేడం."

"టూరిస్టులు సరే. ఎవరు? ఎందుకు పోతున్రు?"

"తెలియదు."

"తెల్వకుంట ఎట్ల రాసినవ్?" పెన్ను ముట్టుకోలేదు. చేతిసంచి తగిలించుకుని, "నడువ్," అన్నారు.

ప్లాట్‌ఫారం టికెట్లు కొని బెంచీ మీద కూర్చున్నాం. మేడం శిష్యులందరికీ ఈ బెంచీ తెలుసు. మనిషిని చూపిస్తారు, మనం మాట చెప్పాలి. గిటారు మోస్తున్న కుర్రాళ్ళకు రెయిస్సు అన్నాను, తలూపారు. నిండు బ్యాగు ఈడుస్తున్న సిపాయికి మత్కా అన్నాను, దానికీ తలూపారు. తర్వాత ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకున్న ఒక పెద్దామెను చూపించారు. పొద్దున వచ్చి సాయంత్రం బండికి పోతోందని తెలుస్తూనే ఉంది. రెత్కి అన్నాను ధీమాగా. మేడం వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నారు. "ఏ ఊరమ్మా?"

"వికారాబాద్. బిడ్డ గీడ దవాఖానల ఉన్నది. రోజు వచ్చి ఇంత బువ్వ తినిపిచ్చి పోత."

మేడం నా వైపు చూశారు. "ఇప్పుడు చెప్పు. గీమెది రెత్కినా?"

అక్కడి నుంచే ట్రావెల్ ఆఫీసుకు ఫోన్ చేశాను. వచ్చేవాళ్ళు ఎవరు సార్, ఎందుకు వస్తున్నారు అని అడిగితే మేనేజరుకు చిర్రెత్తింది. "ట్రిప్ అంటే ట్రిప్పే కదమ్మా. పొద్దుగాల ప్రెస్సుకు పోవాలె. నీతోని కాకపోతే చెప్పు, వేరేటోళ్ళకిస్త." నా కళ్ళ ముందు దుకాణం గల్లాపెట్టె కనిపించింది. మేడం పల్లీలు వొలుచుకుంటున్నారే గానీ నాకేమీ సాయం రాలేదు. గుండె దిటవు చేసుకుని మళ్ళీ అదే అడిగాను. ఆయన విసుక్కుంటూనే చెప్పాడు. మిగతావాళ్ళంతా మామూలు టూరిస్టులే. మెదక్ వైపు పోయే రోజు మాత్రం ఇద్దరు ముసలి అక్కాచెల్లెళ్ళ కోసం పెట్టింది. వాళ్ళ నాన్న అక్కడి మిషన్ ఆస్పత్రిలో డాక్టరట. ఇద్దరూ అక్కడే పుట్టి, చిన్నప్పుడే వెళ్ళిపోయి, మళ్ళీ ఇప్పుడే వస్తున్నారట.

ఫోన్ పెట్టేసి ఆ మాట చెప్పగానే మేడం చేతిలో పల్లీలు ఆగిపోయాయి. "కోతిసెవుతుమత్కా," అన్నారు మెల్లగా. పుట్టిపెరిగి, విడిచివచ్చిన ఊరిని మళ్ళీ ఒకసారి కళ్ళారా చూసుకోవడానికి పోవడమట. "రష్యాతోని యుద్ధంల ఊర్లు ఇడిచిపెట్టొచ్చినోళ్ళు మస్తు మంది గాడ. గీ మాట వాళ్ళకు ఒకలు చెప్పనక్కరలే."

ఆ ఒక్కచోట ఆ మాట రాసి ఇచ్చాను. బృందం వచ్చి వెళ్ళాక, నేను దుకాణంలో ఉండగా మేనేజరు ఫోన్ చేశాడు. "అక్కాచెల్లెండ్లల పెద్దామె గా కాయితం మడిచి పర్సుల పెట్టుకున్నదమ్మా. ఎవరు రాసిన్రని రెండుసార్లు అడిగింది. వచ్చే బ్యాచుది గూడ నువ్వే చెయ్యాలె." స్పీకర్‌లో నాన్న అంతా విన్నాడు. చీర మడత పెట్టడం పూర్తి చేసి, "దుకాణం సంగతి నేను చూసుకుంటలే," అన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి.

నా బతుకుతెరువు అప్పటి నుంచీ ఈ భాషే. స్టేషన్ వెనక సందు గదిలో ఇప్పుడు పాఠాలు చెప్పేది నేను. ఏ కాయితం చేతికొచ్చినా ముందు డిక్షనరీ తెరవను, ఫోన్ తీస్తాను. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు, నాకేం బాధ లేదు.

పోయినేడు మేడం ఈ గది నాకు అప్పజెప్పి మెదక్‌లో తమ్ముడింటికి వెళ్ళిపోయారు. ఈ వానాకాలంలో కన్నుమూశారు. ఫిన్లాండులో ఉన్న నర్సులు, మేడం అక్కడ పనిచేసిన ఆస్పత్రికి కబురు ఫిన్నిష్‌లో నన్నే రాయమన్నారు. చివరి ప్రయాణం అనడానికి వాళ్ళకు మత్కాతోనే ఒక మాట ఉంది, నాకు తెలుసు. రాయబోయి ఆగాను. ఎవరు పోతున్నారు? మార్తా మేడం. ఎందుకు? ఇక్కడి పని అయిపోయింది. మళ్ళీ వస్తారా? రారు. అలాంటప్పుడు అది ప్రయాణం ఎలా అవుతుంది? కొట్టేసి, మేడం ఇంటికి వెళ్ళారు అని రాసి, నర్సుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

'కోతి' మాట చెప్పిన రోజు క్లాసులో అందరికంటే ఎక్కువ నవ్విన అమ్మాయి దగ్గర్నుంచి ముందుగా జవాబు వచ్చింది. "మేడం చెప్పినట్టే అయింది అక్కా. గా మాట చదివి డ్యూటీలనే ఏడ్చిన."