పొంగిన పిండి, పెద్ద ఇంజన్

అబుదాబి ముసఫ్ఫాలోని మా కార్ల షెడ్డులో నాలుగేళ్లు ఆయిల్ మార్చే గుంతలోనే నిలబడ్డాను. తలెత్తితే కార్ల కడుపులే తప్ప మనిషి మొహం కనిపించని ఉద్యోగం. నెల్లూరులో పదిహేనేళ్లు ఇంజన్లు విప్పి బిగించినవాణ్ని, లోలోపల ఉడికిపోయేవాణ్ని.

ఈ దేశంలో వారాంతపు సెలవులు శుక్ర శనివారాల నుంచి శని ఆదివారాలకు మారిన ఏడాది ఒక స్థానికుడు పాత అమెరికన్ పికప్ తెచ్చాడు. దాని ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌ను పెద్దది చేయాలట. బ్లాకు అదే ఉంటుంది; లోపల క్రాంక్ మార్చి, పిస్టన్ మరింత దూరం నడిచేలా చేస్తే బలం పెరుగుతుంది. అంత బలంతో ఏం చేస్తారని అడిగాను.

"బచ్చా స్కూల్, ఆఫీస్, బస్," అన్నాడు. పిల్లాడి బడి, ఆఫీసు, అంతేనట. స్కూలు ఆయన ఇంటికి రెండు సిగ్నళ్ల దూరం.

మా ముదీర్, అంటే మేనేజరు, హైదరాబాద్ ఆయన. నన్ను గుంతలోంచి పిలిచి, "ఇది నువ్వే కట్టు. మంచిగ నడిస్తే ఇంజన్ టేబుల్ నీదే. లేకుంటే మల్ల గుంతలకే," అన్నాడు.

కొత్త క్రాంక్ తిరిగేటప్పుడు తగలకుండా బ్లాకు అడుగున అక్కడక్కడా అరగదీశాను. ఇక మిగిలింది పిస్టన్ పైకి వచ్చినప్పుడు దానికీ వాల్వుకూ మధ్య ఎంత సందు ఉందో చూడటం. పిస్టన్ మీద మెత్తటి ముద్ద పెట్టి, ఇంజన్ పైమూత, అదే హెడ్, బిగించి, క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పి, నలిగిన ముద్ద మందం కొలవాలి. దీనికి బంకమన్ను దొరుకుతుంది. మా షెడ్డులో మాత్రం ఎప్పటినుంచో చపాతీ పిండే. మా షెడ్డుకు సెలవు ఆదివారం ఒక్కటే; శనివారం పొద్దున ఫ్రిజ్‌లోంచి ఒక ముద్ద టిఫిన్‌లో వేసుకుని వెళ్లాను.

చుట్లు తిప్పి భోజనానికి వెళ్లాను. వచ్చి హెడ్ విప్పి కొలిస్తే మూడు మిల్లీమీటర్లు! రెండున్నర ఉంటే చాలు. నా చేతిని నేనే మెచ్చుకుని, సాయంత్రానికి ఇంజన్ మొత్తం బిగించేశాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. కాకినాడ మనిషి, ఆస్పత్రిలో నర్సు.

"ఏవండీ, ఇక్కడ పిండిలో సగం ఏమైందండీ? రేపు చర్చికి బన్నులు చేద్దామని ఈస్ట్ కలిపి పెట్టానండీ!"

నేను భోంచేస్తున్న రెండు గంటలూ ఆ ముద్ద వేడి షెడ్డులో హాయిగా పొంగింది. నేను కొలిచింది సందును కాదు, బన్నును. స్టార్ట్ చేస్తే వాల్వు పిస్టన్‌కు తగిలి ఇంజన్ మొత్తం పాడైపోవచ్చు.

ఆదివారం చర్చిలో టీ ఇచ్చారు, పక్కన బన్నులు లేవు; మిగిలిన సగం పిండి అంతమందికి చాలదని మా ఆవిడ చేయలేదు. అందుకు కారణమైన పాపిని నేనే. చెప్పకుండా స్టార్ట్ చేస్తే ఏమీ కాకపోవచ్చని ప్రార్థన అయ్యేదాకా నాకు నేను నచ్చజెప్పుకున్నాను. సిగ్గుగా ఉంది కానీ, అదే నిజం.

సోమవారం బండి ఓనర్ రాకముందే ముదీర్‌కు చెప్పేశాను. ఆయన నన్నూ ఇంజన్‌నూ మార్చి మార్చి చూశాడు.

"బన్నుల పిండితోని కొలిచినవా? యా అల్లా! ఖోల్ దే, యల్లా."

విప్పి అసలైన చపాతీ పిండితో కొలిస్తే ఒక మిల్లీమీటరు కూడా లేదు. వాల్వులకు చోటివ్వడానికి పిస్టన్ల మీద ఉండే గుంటలు లోతు చేయించి మళ్లీ బిగించేసరికి ఇంకో వారం పట్టింది. ఓనర్ అరిచాడు, ముదీర్ ఏదో సర్దిచెప్పాడు. నేను గుంతలోకి దిగడానికి పాత బూట్లు తీసి పెట్టుకున్నాను.

బండి వెళ్లిపోయాక ముదీర్ ఇంజన్ టేబుల్ సొరుగు తాళం నా చేతిలో పెట్టాడు. తెరిస్తే, పిల్లలు బొమ్మలు చేసుకునే రంగుల బంకమన్ను డబ్బా. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

బండి ఓనర్ ఉండేది మేముండే పేట, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోనే. రోజూ పొద్దున ఆ పికప్ మా వీధిలోని స్పీడ్ బ్రేకర్లను ఒక్కొక్కటిగా, గర్భిణిలా దాటుకుంటూ స్కూలుకు పోతుంది. నేను చాయ్ కప్పు పక్కన పెట్టి, వాల్వు తగిలిన చప్పుడేమైనా వస్తుందేమోనని మలుపు తిరిగేదాకా వింటాను. ఇప్పటిదాకా రాలేదు.