రైల్లో చూపించిన రఫ్ కట్

అది 2016. కోలారు బంగారు గనులు మూతపడి పదిహేనేళ్లు గడిచినా మా కేజీఎఫ్‌లో సంతాపసభ ఇంకా ముగియలేదు. ఊళ్లోనే రాబర్ట్‌సన్‌పేటలో నాకొక వీడియో స్టూడియో ఉండేది. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోకండి. పెళ్లికొడుకు లోపలికొస్తే పెళ్లికూతురు వీధిలో నిలబడాలి, అంత వెడల్పు. నా కంప్యూటరు మీట నొక్కి, మాస్తి దాకా పోయి, ఎకరం రాగిచేను కోసి తిరిగొస్తే అప్పుడే కళ్లు తెరుస్తూ ఉండేది. ఈ వైభవం ఎవరు చెప్పారో గానీ, ఊళ్లోని ఒక డిగ్రీ కాలేజీవాళ్లు వచ్చి పిల్లలకు ఎడిటింగ్ నేర్పమన్నారు.

ఆఖరి సంవత్సరం పిల్లలు తలా ఒక మ్యూజిక్ వీడియో చెయ్యాలి. ముందు రఫ్ కట్ తయారుచేస్తారు. దర్జీ అసలు కుట్టు వెయ్యకముందు పెద్ద పెద్ద కుట్లతో నిలబెట్టిన చొక్కా లాంటిదది. ఎక్కడ బిగుతో, ఎక్కడ వదులో చూసుకుని విప్పి మార్చుకోవచ్చు. దాన్ని నలుగురికీ చూపించి, వాళ్లు చెప్పే ఫీడ్‌బ్యాక్ విని, సరిచేసుకున్నాక ఏటా జరిగే పోటీకి ఫైనల్ కట్ ఇస్తారు.

మా ఊరి పిల్లల రఫ్ కట్‌లన్నీ ఒకే కడుపున పుట్టినవి. సైనైడ్ దిబ్బ ఎక్కడం, చేతులు చాచడం, స్లో మోషన్‌లో దిగడం. బంగారం తీసేసుకున్నాక పారబోసిన బూడిదరంగు మట్టి గుట్టలవి. ఆ దుమ్ముకు నేనొకసారి తుమ్మితే నంగలి చెక్‌పోస్టులో పోలీసు టోపీ ఎగిరిపోయిందంటారు. నేను కాదనలేదు.

ఆ ఏడాది జెస్సీ అనే అమ్మాయి పాట తనే రాసి, తనే పాడింది. "మా అప్ప మీద రాసినాను సార్" అంది. వాళ్ల నాన్న సామ్యేలు గని లోపల రాయి తొలిచే పని చేసినవాడు. గని మూసేశాక బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. చీకటితో రైలెక్కి, చీకటితో దిగేవాడు. మా ఊరి మగవాళ్లలో సగంమంది కాపురం ఆ రైలుతోనే.

"ఫస్టొచ్చినోళ్లకు బెంగళూరులో ఎడిటింగ్ కోర్సు ఫ్రీ సార్. నాకు రాకుంటే వేమగల్ ఫ్యాక్టరీనే. మా అత్త అప్పుడే ఆడ మాట్లాడి పెట్టేసింది" అని కూడా చెప్పింది.

ఆమె రఫ్ కట్‌లో ఒక కుర్రాడు గని హెల్మెట్ పెట్టుకుని దిబ్బ మీద నడుస్తూ నడుస్తూ మాయమైపోతాడు. చివరి షాట్‌లో హెల్మెట్ ఒక్కటే మిగులుతుంది. దానికి బంతిపూల మాల, ముందొక కొవ్వొత్తి. క్లాసంతా ఏడ్చింది. ఆ కన్నీళ్లు కాలువ తీసి పంపివుంటే బేతమంగళం చెరువు అలుగు పారేది. మూడో చరణంలో లిప్ సింక్ తప్పిందని, అంటే పెదవి ముందు కదిలి పాట వెనక వస్తోందని నేను చెప్పాను. "ఇంగ వేరేవాళ్లది చూసే పనే లేదు, ఇదే ఫస్టు" అన్నారు వాళ్ల మేడమ్.

స్నేహితుల చప్పట్లు ఫీడ్‌బ్యాక్ కాదు, బయటివాళ్లకు చూపించమన్నాను.

"మా అప్పే చూడలేదు సార్. ఆదివారం తప్ప దొరకడు. ఆదివారం చర్చిలో కొంచెం నిద్రపోతాడు, మిగతాది ఇంట్లో."

అందుకని ఒక తెల్లవారుజామున ఆమెతోపాటు నేనూ ఆ రైలెక్కాను. ఆ బోగీలో మనం ఊపిరి పీల్చాలంటే పక్కవాడు వదిలేదాకా ఆగాలి. సామ్యేలు కిటికీ పక్కన ఉన్నాడు. ఎదురుగా పేకముక్కలు పంచుతున్న మునెప్ప, ఆయన గని నాటి స్నేహితుడు, ఫోన్ ముందు తనే లాక్కున్నాడు. కొవ్వొత్తి షాట్ రాగానే తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పాపం, ఎప్పుడు పోయినాడప్పా? మన గని లైన్ల ఇండ్లలో ఉండేవాడేనా?"

సామ్యేలు ఫోన్ తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూశాడు.

"బాగుండాది పాపా. ఆ హెల్మెట్టు ఎవురిది?"

"నీదే అప్పా. పెట్టెలో ఉండె."

"మరి మాలెందుకు?"

"సింబల్ అప్పా."

"మాల పోయినోళ్లకు కదా ఏస్తారు? నేనింకా ఉండానే."

మునెప్ప పగలబడి నవ్వాడు. "యాడ ఉండావురా నువ్వు? పొద్దున్నే రైల్లో ఉంటావు, రాత్రి పక్కలో ఉంటావు. నువ్వు ఉండావని ఆ బిడ్డకు ఎవురు చెప్పినారు?"

బోగీ అంతా నవ్వింది. సామ్యేలు కూడా నవ్వాడు. నవ్వు అణిగాక ఫోన్ కూతురి చేతిలో పెట్టి మెల్లగా అన్నాడు: "గని మూసినాక నేను చేసింది ఒక్క ముక్క లేదే ఇందులో. ఇన్నేండ్లు ఆ గేటు తీస్తా మూస్తా ఉండాను. అది నేను కాదా తల్లీ?"

బంగారపేట దాటేదాకా జెస్సీ ఆ వీడియోనే మళ్లీ మళ్లీ వేసి చూసుకుంది.

మర్నాడు స్టూడియోకొచ్చి దిబ్బ షాట్లన్నీ తీసేయమంది. నేను చెప్పాల్సింది చెప్పాను. "ఉన్నది ఉన్నట్టు ఇస్తే ఫస్టు నీదేనమ్మా. మారిస్తే నేను చెప్పలేను."

"తెలుసు సార్. బతికుండేవోడికి మాలేసి సీటు తెచ్చుకొనేదెట్ల?"

మళ్లీ షూట్ చేసింది. గేటు తీసే చెయ్యి. కారు లోపలి మనిషి చూడకపోయినా పెట్టే సలాం. రైల్లో పట్టీకి వేలాడుతూ, మునెప్ప భుజం మీద తల వాల్చి నిలబడే నిద్రపోతున్న సామ్యేలు. పాట అదే. ఈసారి క్లాసులో ఎవరూ ఏడవలేదు. ఒకరిద్దరు కిటికీలోంచి బయటికి చూశారు.

పోటీకి బెంగళూరు నుంచి వచ్చిన జడ్జీలు ముఖముఖాలు చూసుకున్నారు. "కేజీఎఫ్ అన్నారు, కేజీఎఫ్ ఎక్కడ? దిబ్బల్లేవు, గని లేదు. రైలు మా ఊళ్లోనూ ఉంది కదా!" మూడు హెల్మెట్లకు మూడు మాలలు వేసిన ఇంకో కుర్రాడికి ఫస్ట్ వచ్చింది.

జెస్సీ వేమగల్ ఫ్యాక్టరీలో చేరింది. కంపెనీ బస్సు కూడా చీకటితోనే వస్తుంది. ఇప్పుడు తండ్రి ఒక చీకట్లో పోతాడు, కూతురు ఇంకో చీకట్లో.

కొన్నాళ్లకు ఒక ఆదివారం సామ్యేలు స్టూడియోకు వచ్చాడు. ఆ వీడియో తన ఫోన్‌లో వేయించుకోవాలట, రైలుబండిలో అందరూ అడుగుతున్నారట.

"ఒక ముక్క మాత్రం తీసేయండి సార్. ఆ నిద్రపొయ్యేది."

"అది రైల్లో కదప్పా?"

"అపార్ట్‌మెంటోళ్లకు తేడా యాడ తెలుస్తుంది సార్? డ్యూటీలో పడుకుంటాడంటారు."

ఆ వీడియో మొత్తంలో అదే మంచి షాట్. తీసేసి ఇచ్చాను.

ఫీడ్‌బ్యాక్ పనిని బాగుచేస్తుంది. గెలిపిస్తుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేదు. అయినా ఇప్పటికీ రఫ్ కట్ తెచ్చిన పిల్లల్ని నేను మొదట అడిగేది ఒకటే: ఇది ఎవరి మీద? ఆ మనిషి బతికుంటే ముందు వాళ్లకు చూపించి, తర్వాత నా దగ్గరికి రండి. చాలామంది తిరిగి రారు. నేరుగా పోటీకి పంపించేస్తారు. ఫస్ట్ కూడా తెచ్చుకుంటారు.