మా బావ ఇచ్చిన రబ్బరు సూటు

సెల్‌ఫోను ఉన్నవాణ్ణి పెద్దమనిషిగా చూసిన ఆ రోజుల్లో మనుషులు ఒకరినొకరు తేలిగ్గా నమ్మేవారని ఇప్పుడు చాలామంది రాస్తున్నారు. ఎవరు నమ్మారో నాకు తెలియదు. నేను మాత్రం ఎవర్నీ నమ్మలేదు. పాలాయన కొలపాత్ర వంచే తీరు దగ్గర్నుంచి, బస్సు కండక్టరు “వెనకాల ఖాళీగా ఉంది” అనే మాట దాకా ప్రతిదానికీ లోపల ఒక కారణం ఉంటుందనీ, అది నాకు వ్యతిరేకంగానే ఉంటుందనీ ఇరవై నాలుగేళ్ళకే తేల్చుకున్నాను. అందరిలోకీ ఎక్కువగా అనుమానించింది మా బావని. మా అక్క భర్త. రేపల్లెలో రైసు మిల్లు గుమాస్తా. ఎప్పుడు చూసినా నవ్వుతూ ఉండేవాడు. (కారణం లేకుండా నవ్వే మనిషిని ఎలా నమ్మడం?)

నా అనుమానానికి ఆధారం ఉంది. పెళ్ళిలో పెళ్ళికూతురి తమ్ముడికి మగపెళ్ళివారు బట్టలు పెట్టడం మా వైపు ఆనవాయితీ. నాకూ పెట్టారు. చొక్కా గుడ్డ బాగానే ఉంది. ప్యాంటు గుడ్డ తీసుకుని తెనాలి స్టేషను రోడ్డులో మాకు బట్టలు కుట్టే ముసలి టైలరు దగ్గరికి వెళ్ళాను. ఏ బట్టలు ఇచ్చినా “రేపు రా” అనడం వల్ల ఆయన్ని ఊళ్ళో అందరూ రేపు తాత అనేవాళ్ళు. ఆయన గుడ్డని బల్ల మీద పరిచి, కొలిచి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ కొలిచాడు. “జానెడు తక్కువైంది బాబూ. లాగూ అయితే బ్రహ్మాండంగా వస్తది” అన్నాడు. డ్రిల్లు మాస్టారుగా చేరిన కొత్తలో, నలుగురూ చూసే వయసులో, నాకు లాగూ గుడ్డ పెట్టిన బావని నేనెలా మర్చిపోతాను? బట్టల కొట్లో తప్పు జరిగి ఉంటుందని అమ్మ అంది. అమ్మ అందర్నీ నమ్మేది.

నేను తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టార్ని, టెంపరరీ. మా కరస్పాండెంటు గారు ఒకరోజు పిలిచి, బాపట్లలో యువజన సంఘంవాళ్ళు సూర్యలంక దగ్గర మూడు పందేలు కలిపి పెడుతున్నారని చెప్పారు. ముందు సముద్రంలో ఈత, ఒడ్డుకి రాగానే సైకిలు, సైకిలు దిగగానే పరుగు. “మొదటి ముగ్గుర్లో రావయ్యా, నీ పోస్టు పర్మనెంటు చేస్తాను. రాలేదనుకో, జూన్ నుంచి వాలీబాల్ ఆడే కుర్రాడు వస్తాడు. వాడు ఇప్పటికే రెండుసార్లు వచ్చి నమస్కారం పెట్టి వెళ్ళాడు” అన్నారు. సైకిలు నాకు భయం లేదు. పరుగూ ఫరవాలేదు. ఈతే. నేను నేర్చుకున్నది తెనాలి కాలవలో. కాలవలో రెండు వైపులా గట్టు కనపడుతుంది. సముద్రానికి ఒకటే గట్టు.

ఈ సంగతి అమ్మ అక్కకి చెప్పింది, అక్క బావకి చెప్పింది. ఆ ఆదివారమే పొద్దున్న రైలుకి బావ బియ్యం సంచి భుజాన వేసుకుని దిగాడు. సంచిలో బియ్యం లేవు, నల్లటి రబ్బరు సూటు ఉంది. మెడ నుంచి మడమల దాకా ఒకటే ముక్క, వీపు మీద జిప్పు, జిప్పుకి తోకంత తాడు. విశాఖపట్నం ఓడరేవులో నీళ్ళలో మునిగి పనిచేసే స్నేహితుడి దగ్గర పాతది అడిగి తెచ్చాడట. “ఇది వేసుకుంటే మనిషి బెండులా తేలతాడురా బామ్మర్దీ. ఇంక మునగమన్నా మునగవు” అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. కాఫీ తాగుతూ తాగుతూ, “నేనూ పేరిచ్చాలే ఆ పోటీకి” అన్నాడు.

ఆలోచించండి. తానూ పోటీకి వస్తున్నవాడు తేలే సూటు తను వేసుకోకుండా నాకెందుకిస్తాడు?

“నువ్వేసుకోవా బావా?” అన్నాను.

“నాకెందుకురా? కృష్ణ కాలవలో గేదెలతో పాటు పెరిగాను.”

“మరి పోటీకెందుకు?”

“సరదాకి. మీ అక్క పొట్ట వస్తోందని గోల పెడుతోంది.”

ఆయన పొట్ట నేను చూశాను. అంత గోల పెట్టేంత లేదు.

నెట్ సెంటర్లో కూర్చుని ఈ సూటు గురించి చదివాను. వేసుకోవడం కాదు, తీయడమే అసలు పని అని తెలిసింది. నీళ్ళలోంచి లేచి పరిగెత్తుతూనే తాడు లాగాలి, చేతులు విడిపించుకోవాలి, నడుం దాకా దించాలి, ఆ తర్వాత ఒక కాలితో రెండో కాలి రబ్బరు తొక్కి పట్టి బయటికి లాక్కోవాలి. లోపల నీళ్ళు ఉండగానే తీసెయ్యాలి, ఆరితే అంటుకుపోతుంది. మేడ మీద ఒంటి నిండా బకెట్టు నీళ్ళు పోసుకుని సాధన చేశాను. అమ్మ కింద వాకిట్లో కూర్చుని పైకి వినపడేలా లెక్కపెట్టేది. ఇరవై దాకా సరిగ్గా లెక్కపెట్టి, అక్కడ పప్పు మాడుతోందని లేచి వెళ్ళిపోయేది. కాబట్టి నేను ఎన్ని అంకెల్లో తీయగలనో నాకు ఎప్పటికీ తెలియలేదు. సూటు కాళ్ళు మాత్రం నాకు పొడుగయ్యాయి, మడమల దగ్గర రబ్బరు కుప్పగా పడేది.

మళ్ళీ వచ్చినప్పుడు అది చూసి బావ చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “కింద జానెడు కోసెయ్‌రా. వదులుగా ఉంటే తొందరగా ఊడొస్తది. కాళ్ళకి కాస్త తవుడు నూనె రాసుకో, మిల్లునుంచి పంపిస్తా.”

జానెడు! మళ్ళీ అదే జానెడు! ప్యాంటు గుడ్డలో మిగుల్చుకున్న జానెడు చాలక సూటులోనూ అడుగుతున్నాడు. పైగా కింద వదులైతే నీళ్ళు దూరి నేను కుండలా నిండిపోతాను కదా. ఆయన ఎత్తు అర్థమైపోయింది. పంపిన నూనె సీసా మూత కూడా తియ్యలేదు. రబ్బరు సూటు చంకన పెట్టుకుని నేరుగా రేపు తాత దగ్గరికి వెళ్ళాను.

“తాతా, కోయొద్దు. లోపలికి మడిచి కుట్టు. బాటం బాగా బిగించు. చుక్క నీళ్ళు దూరకూడదు.”

తాత రబ్బరుని అటూ ఇటూ సాగదీసి చూశాడు. “ఎక్కడం ఎక్కుద్ది బాబూ. దిగడం సంగతేంటి?”

“నీకు బావ ఏమన్నా చెప్పాడా?”

“ఏ బావ?”

“అయితే కుట్టు.”

బుధవారం ఇస్తానన్నవాడు పోటీ ముందురోజు సాయంత్రం ఇచ్చాడు. రెండు వరసల కుట్టు, తోలుసంచులు కుట్టే దారంతో. సాధన చెయ్యడానికి వ్యవధి లేదు. కుట్టు చూస్తే మాత్రం ముచ్చటేసింది.

సూర్యలంకలో తెల్లారేసరికి ఇరవై మందికి పైగా చేరారు. సరుగుడు చెట్లకి తాడు కట్టి, దానికి వరసగా సైకిళ్ళు ఆనించారు. రిటైరైన పెద్ద డ్రిల్లు మాస్టారు ఒకాయన మైకులో నియమాలు చదువుతున్నాడు. అందరూ వింటున్నారు. నేను వినలేదు. బావ సైకిలు నా సైకిలు పక్కనే ఎందుకు పెట్టాడా అని, నా టైర్లు నొక్కి చూసుకుంటున్నాను. (గాలి సరిగ్గానే ఉంది. అందుకే ఇంకా అనుమానం వచ్చింది.) పాదాలకి పాలిథిన్ కవర్లు తొడుక్కుని, బొటనవేళ్ళతో లాగి లాగి, కొబ్బరిబొండాలాయన చేత జిప్పు వేయించుకుని సూటులోకి దూరేసరికి ఊపిరి సగమైంది. అక్కడ సూటు వేసుకున్నది నేనొక్కణ్ణే. “తిమింగలం వచ్చిందిరోయ్” అన్నారు ఎవరో. ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తే.

బావ అన్నట్టే తేలాను. అలల మీద నిజంగా బెండులా తేలాను. ఒడ్డుకి నాలుగోవాడిగా వచ్చాను. పరిగెత్తుతూ తాడు లాగాను, చేతులు వచ్చాయి, నడుం దాటింది, మోకాళ్ళు దాటింది. అక్కడితో సరి. మడమల దగ్గర రేపు తాత కుట్టు నన్ను పట్టేసింది. తొక్కాను, లాగాను, ఇసకలో కూర్చున్నాను, పడుకున్నాను, రెండు కాళ్ళూ గాల్లోకి లేపాను. పక్కనుంచి ఐదోవాడు వచ్చి సైకిలు తీసుకుపోయాడు. ఆరోవాడు పోయాడు. ఏడు, ఎనిమిది. మా అమ్మ కంటే చక్కగా నేనే లెక్కపెడుతున్నాను. జూన్ నెల, వాలీబాల్ కుర్రాడు, వాడి నమస్కారం కళ్ళ ముందు తిరిగాయి.

తొమ్మిదోవాడు బావ. సైకిలు తీసినవాడు మళ్ళీ చెట్టుకి ఆనించి నా దగ్గరికి వచ్చాడు.

“ఏంట్రా ఇది? కొయ్యమన్నాగా!”

“నువ్వెళ్ళు బావా, నా సంగతి నేను చూసుకుంటా.”

“ఏం చూసుకుంటావురా, ఎండ్రకాయలా పడి?” అంటూ నా రెండు కాళ్ళూ పట్టుకుని లాగాడు. సూటు రాలేదు, సూటుతో పాటు నేను వచ్చాను, ఇసకలో నాలుగు గజాలు. నన్ను మళ్ళీ సముద్రం వైపు ఈడుస్తున్నాడని అరిచాను. వెంటనే నన్ను వదిలి, బొండాలాయన చేతిలో కత్తి లాక్కుని నా మీదకి వచ్చాడు. నేను పెట్టిన కేక మైకు లేకుండానే అందరికీ వినపడింది. టప్, టప్. రెండు కుట్లూ తెగాయి. కాళ్ళు బయటికి వచ్చాయి. “ఇంక తొక్కు!” అన్నాడు.

తొక్కాను. ఎందుకంటే ఆయన వెనకే వస్తున్నాడు. బాపట్ల దాకా వెళ్ళి తిరిగొచ్చే దారంతా వెనకనుంచి “తొక్కరా, తొక్కు!” అని కేకలు. వెక్కిరింత కాకపోతే ఏంటి? ఆయనకి దొరక్కూడదన్న పంతంతో ఒక్కొక్కణ్ణీ దాటాను. పరుగులోనూ అంతే. నాకు పదడుగుల వెనకే ఆయన, అలుపు లేకుండా, నవ్వుతూ. మూడోవాణ్ణి నేను. నాలుగోవాడు బావ.

అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. నాకు ఊరుకోవడం రాదు. నిర్వాహకుల దగ్గర తెల్లకాగితం అడిగి తీసుకుని ఫిర్యాదు రాశాను. సదరు వ్యక్తి నా రెండు కాళ్ళూ పట్టుకుని ఈడ్చెననీ, నా అనుమతి లేకుండా కొబ్బరిబొండాల కత్తితో నా దుస్తులు కోసెననీ, తగిన చర్య తీసుకోవలసిందనీ. అందులో ఒక్క కొట్టివేత లేదు.

పెద్ద డ్రిల్లు మాస్టారు రెండుసార్లు చదివాడు. “అంటే ఆయన కోస్తేనే మీ సూటు ఊడిందా?”

“అవునండి. నేను వద్దన్నా వినలేదండి.”

“మీ అంతట మీరు తియ్యలేదు.”

“తియ్యనివ్వలేదండి.”

“పొద్దున మైకులో చదివాంగదయ్యా! ఇంకొకరి చేత సాయం చేయించుకున్నవాడు పోటీలో లేనట్టే. మేము చూడలేదు, నువ్వే రాసిచ్చావు. సంతకం కూడా పెట్టావు.”

బావ అడ్డం వచ్చాడు. “అయ్యా, వాడు అడగలేదండి. నేనే మీద పడ్డాను. తీసేస్తే నన్ను తీసెయ్యండి.” పెద్ద మాస్టారు వినలేదు. నా పేరు కొట్టేసి నాలుగోవాణ్ణి మూడోవాణ్ణి చేశాడు. బావ ముఖం చూశాను. నవ్వు లేదు. ఆ ముఖంలో నవ్వు లేకపోవడం నేను చూడటం అదే మొదలు. అది కూడా నటనే అనుకున్నాను అప్పుడు.

జూన్‌లో వాలీబాల్ కుర్రాడు వచ్చాడు. ఆ జూలైలోనే రేపల్లెలో ఒక స్కూలు నుంచి నాకు కబురొచ్చింది, డ్రిల్లు మాస్టారు కావాలని. వాళ్ళకి నా పేరు ఎవరు చెప్పారో నేను అడగలేదు. అడిగితే తేలిపోతుందని భయం. ఆ స్కూలు కరస్పాండెంటు గారి వడ్లు మా బావ పనిచేసే మిల్లులోనే ఆడతాయని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఆ పోటీలో మూడో బహుమతి ఒక ప్యాంటు గుడ్డ. బావ దాన్ని అక్క చేతికిచ్చి నాకే పంపాడు. రేపు తాత దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బల్ల మీద పరిచి, కొలిచి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు. “ఫుల్ ప్యాంటు కుట్టినా జానెడు మిగులుద్ది బాబూ” అన్నాడు.

ఆ ప్యాంటు ఎప్పుడో చిరిగిపోయింది. మిగిలిన జానెడు ముక్క మాత్రం నా బీరువాలో ఉంది. మొన్న బావ మా ఇంటికి వచ్చినప్పుడు బీరువా తెరిచి ఉంది. ఆయన జుట్టు పూర్తిగా నెరిసింది, పొట్ట ఇప్పుడు నిజంగానే వచ్చింది. ఆ ముక్క చేతిలోకి తీసుకుని, “ఇదేంట్రా, దీన్ని మడతపెట్టి దాచావు?” అన్నాడు.

“ఏం లేదు బావా. సైకిలు తుడుచుకునే గుడ్డ.”

నాకు సైకిలు లేక పదేళ్ళయింది. ఆయన ఆ ముక్క వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ ముక్క వైపు చూశాడు. నమ్మినట్టు లేడు. ఇన్నేళ్ళకి ఆయనకీ నా అనుమానం అంటుకున్నట్టుంది.