సన్నాయి మామ నిండు ఫొటో

ఆ రోజుల్లో మెడలో పెద్ద కెమెరా వేలాడితే చాలు, దాంతోపాటు తెలివి కూడా దానంతటదే వస్తుందని నా గట్టి నమ్మకం. ఇప్పుడంటే అందరి ఫోన్లూ అన్నీ అవే చూసుకుంటున్నాయి గానీ, పదేళ్ళ కిందట మా నరసరావుపేటలో, కనీసం మా బజారు వరకు, లెన్సు ఊడదీసి మళ్ళీ బిగించగల మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఇంజనీరింగ్ పూర్తయి, ఉద్యోగం రాక, నాన్న పచారీ కొట్లో కందిపప్పు పొట్లాలు కడుతున్న నాకు హైదరాబాదులో ఉండే మా బావ తన పాత కెమెరా ఇచ్చాడు. నెల తిరక్కుండానే ఫోన్లో వీడియోలు చూసి నేను కళాకారుణ్ణయిపోయాను. మనిషిని నిండుగా, స్పష్టంగా తీస్తే అది ఆధార్ కార్డు ఫొటో అనీ, మనిషిలో ఒక ముక్కని పట్టుకొని మిగతాదంతా మసక చేస్తేనే కళ అనీ తేల్చుకున్నాను. (మా నాయనమ్మని తీస్తే ముక్కుపుడక ఒక్కటే వచ్చింది. మిగతా మొహం వెనక ఉందేమోనని ఆవిడ ఫొటో తిప్పి చూసింది.)

మా కొట్టు వెనక సందులో సన్నాయి మామ ఉండేవాడు. ఆయన తాత, తండ్రి, ఆయన, అందరిదీ నాదస్వరమే. మా ఇళ్ళల్లో ఏ పెళ్ళయినా మేళం ఆయనదే. నన్ను అల్లుడూ అని పిలిచేవాడు, పిల్లనిచ్చే ఉద్దేశం లేకుండానే. ఒకరోజు కొట్టుకొచ్చి, కొనాల్సినవి కొన్న తర్వాత కూడా కదలకుండా నా కెమెరా వంకే చూస్తూ నిలబడ్డాడు.

"అల్లుడూ, నవమి పందిట్లో ఈసారి నాకు కచేరి ఇచ్చారు. పెళ్ళి మేళం కాదు, కచేరి. స్టేజీ మీద మజ్జిన కూర్చోబెడతారంట. నన్నొక్క ఫొటో తీస్తావా?"

"ఒక్కటేంది మామా, వంద తీస్తా."

"వంద వద్దు. ఒక్కటి చాలు. నిండుగా రావాల." ఆయన కాస్త తటపటాయించి అసలు సంగతి చెప్పాడు. "ఎన్ని పెళ్ళిళ్ళకి వాయించానో నాకే తెలవదు. పంతులుగారు గట్టిమేళం అనంగానే నేను ప్రాణం పెట్టి వాయిస్తా. అప్పుడే కెమెరాలన్నీ తాళి కాడికి తిరుగుతయి. ఏ ఆల్బమ్ చూసినా నా మోచెయ్యో, సన్నాయి కొసో, అంతే. మీ అక్క పెళ్ళి ఆల్బమ్‌లో చూడు, నా చెవి ఒక్కటే ఉంది."

అయితే స్టూడియోకి పోయి సన్నాయి పట్టుకొని దిగొచ్చుగా అన్నాను. ఆయన నా అమాయకత్వానికి జాలిపడ్డాడు. "అది దొంగ ఫొటో. వాయించకుండా పట్టుకున్నోడి దవడ చూస్తేనే తెలిసిపోద్ది. ఎదురుగా జనం ఉండాల, నేను నిజంగా వాయిస్తా ఉండాల. ఇంట్లో మీ అత్త అడుగుద్ది, ఇన్నేళ్ళు వాయించావు గదా, ఒక్క దాంట్లోనూ నువ్వు లేవేందని." ఆ మాటన్నప్పుడు ఆయన నవ్వాడు గానీ, నవ్వులాటకి అడగలేదని నాక్కూడా అర్థమైంది. "నాకొదిలెయ్ మామా, నా బాధ్యత" అన్నాను. అంత ధీమాగా నేను ఆ తర్వాత ఏ ఇంటర్వ్యూలోనూ మాట్లాడలేదు.

శ్రీరామనవమి రోజు సాయంత్రం అయిదింటికి, ఎండ ఇంకా తారురోడ్డు మీద ఉండగానే బజారు మధ్యలో కచేరి మొదలైంది. మామ మసీదులో నమాజు చేసుకొని నేరుగా వచ్చి, జరీ కండువా వేసుకొని, స్టేజీ మధ్యలో మఠం వేసుకు కూర్చున్నాడు. పక్కన డోలు ఆయన. నేను పన్నెండు జేబుల కోటు తొడుక్కొని వచ్చాను. (ఆ జేబుల్లో ఒక దాంట్లో బ్యాటరీ, ఇంకో దాంట్లో చేతి రుమాలు. మిగతా పదీ ఖాళీ.) మామ ఆలాపన అందుకోగానే నేను స్టేజీ ఎక్కాను. మోకాళ్ళ మీద నిలబడ్డాను, బోర్లా పడుకున్నాను, స్పీకరు పెట్టె ఎక్కాను. ఎక్కిన ప్రతిసారీ ముందు వరస ఆడవాళ్ళలో ఎవరో ఒకరు అరుస్తూనే ఉన్నారు. "ఒరేయ్ కొట్టాయన కొడకా, మేం వచ్చింది నీ వీపు చూట్టానికా? పక్కకి జరగరా." కళాకారుడికి ఇలాంటి అడ్డంకులు మామూలేనని నేను జరగలేదు.

అదీగాక నా కెమెరా మీట నొక్కి పట్టుకుంటే వరసగా పది ఫొటోలు తీసేది. మామ వేళ్ళు దగ్గరగా తీద్దామని మైకు పక్కనే కూర్చొని నొక్కాను. టకటకటకటకమని ఆ చప్పుడు మైకులోకి దూరి బజారంతా మోగింది. డోలు ఆయన రెండుసార్లు ఓర్చుకున్నాడు. మూడోసారి డోలు ఆపకుండానే నావైపు వంగి, "తాళం నేనేస్తన్నా బాబూ, నువ్వు సాయం పట్టాల్సిన పన్లేదు" అన్నాడు. అది కూడా మైకులో వినబడింది. మామ మాత్రం కళ్ళు తెరవలేదు. ఆ సాయంత్రం ఆయన వాయించినట్టు మళ్ళీ ఎక్కడా వినలేదని మా నాన్న ఇప్పటికీ అంటాడు. నేను విన్లేదు, ఫోకస్ చూసుకుంటున్నాను.

మొత్తం ఏడొందల పైచిలుకు వచ్చాయి. వాటిల్లో నలభై ఏరి, పెద్దగా ప్రింటు వేయించి, మర్నాడు మామ ఇంటికి తీసుకెళ్ళాను. ఆయన చేతులు కడుక్కొని, తుడుచుకొని, చాప మీద కూర్చొని ఒక్కొక్కటే తీసి చూశాడు. నేను మెచ్చుకోలు కోసం నిలబడ్డాను.

"ఇది నా వేలు" అన్నాడు. తర్వాతది తీశాడు. "ఇది దవడ." ఇంకోటి. "ఇది సన్నాయి నోరు. ఇదేంది, ఉంగరమా? చానా బాగా వచ్చింది." నలభయ్యీ అయిపోయాక మొదటిది మళ్ళీ పైకి తీశాడు. కోప్పడలేదు, అదే నన్ను చంపేసింది. చాలా నెమ్మదిగా, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు.

"అల్లుడూ, దీంట్లో నేను యాడున్నా?"

కళ గురించి ఏదో చెప్పబోయాను గానీ, అదేదో నాకే గుర్తు రాలేదు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్త వచ్చి కూర్చొని, ఫొటోలు చాప మీద పరిచి, దవడ పైన, వేళ్ళు కింద, మోకాలు ఇంకా కిందా పేర్చింది. ఏం చేసినా మెడ దొరకలేదు. "పోనీలే నాయనా" అంది నాతో. "పెళ్ళిళ్ళ రోజుల్లో ఈయన నాక్కూడా ఇట్టానే దొరికేది, ఇంత ముక్క, అంత ముక్క."

పోనీ చూడ్డానికి వచ్చినవాళ్ళ ఫోన్లలో ఏమైనా ఉంటుందేమోనని బజారంతా తిరిగాను. ఉన్నాయి. దూరం నుంచి, స్టేజీ మొత్తం వచ్చేటట్టు, చక్కగా తీశారు. అన్నిటిలోనూ మధ్యలో పన్నెండు జేబుల కోటు. మామని నిండుగా తీయకపోవడమే కాదు, ఇంకెవర్నీ తీయనివ్వలేదన్నమాట. మరుసటేడు కమిటీవాళ్ళు ఆర్కెస్ట్రాని పిలిపించారు. ఆ తర్వాత కూడా ఆర్కెస్ట్రానే. కోటు మా అమ్మ కొట్లో సంచులు తుడవడానికి వాడేసింది, నేను అడ్డు చెప్పలేదు.

నాలుగేళ్ళకి నాకు ఉద్యోగమూ వచ్చింది, మాచర్ల సంబంధమూ కుదిరింది. మేళం మాత్రం సన్నాయి మామదే ఉండాలని పట్టుబట్టాను. ముహూర్తం పొద్దున పదిన్నరకి. పెళ్ళిబట్టల్లోనే ఫొటోగ్రాఫర్ని పక్కకి పిలిచి చెప్పాను. "గట్టిమేళం అనంగానే నా వైపు తియ్యొద్దు. మేళం వైపు తిరుగు. ఆయన నిండుగా రావాల. ముక్కలొద్దు." అతను నన్ను అదోలా చూసి, సరేనన్నాడు. తాళి సంగతి వీడియో ఆయన చూసుకుంటాడులే అని నా లెక్క.

పంతులుగారు గట్టిమేళం అన్నారు. నేను తాళి ఎత్తాను. ఫొటోగ్రాఫర్ గిర్రున అటు తిరిగాడు. అతను తిరగడం చూసి, అటేదో జరుగుతోందని వీడియో ఆయనా లైటుతో సహా తిరిగాడు. లైటు ఎటు పోతే అటు చూసే జనం కదా, హాలు మొత్తం అటు తిరిగింది, చేతుల్లో అక్షింతలతో. నేను మూడు ముళ్ళూ వేస్తుంటే నా వైపు చూసినవాళ్ళు పంతులుగారు ఒక్కరే. అక్షింతలన్నీ వెళ్ళి మామ మీద పడ్డాయి. ఆయన అన్నేళ్ళలో మొదటిసారి, గట్టిమేళం వేళ కళ్ళు తెరిచి, ఎదురుగా అంత జనం తననే చూస్తుండటం చూశాడు. అయినా ఊపిరి తప్పలేదు. ఇంకా గట్టిగా వాయించాడు. ఈసారి నేను విన్నాను.

మా పెళ్ళి ఆల్బమ్‌లో తాళి కట్టే ఫొటో లేదు. ఎవరైనా ఆల్బమ్ తిరగేసి అడిగితే, "కట్టారండీ, నేను సాక్ష్యం" అంటుంది మా ఆవిడ, నా వంక చూడకుండా. ఆ వేళ తీసిన ఫొటో మామ ఇంట్లో ముందు గదిలో ఉంది. బూరెల్లా పొంగిన దవడలు, కండువా, పది వేళ్ళూ, మెడ, మఠం వేసిన మోకాళ్ళు, జుట్టునిండా అక్షింతలు, అన్నీ ఒకే మనిషివి. ఎవరొచ్చినా మామ దాన్ని చూపిస్తాడు. చూపించి, ఆ కుడి మూలన సగమే పడిన, తాళి కడుతూ పైకి లేచిన ఓ మోచెయ్యి మీద వేలు పెట్టి చెబుతాడు.

"ఇడుగో, ఈడు మా అల్లుడు."