అత్తమ్మ కాలు నిలవని పాలరాయి

మా అత్తమ్మ తన ఒంటి మీద ఇంకొకరిని నీళ్లు పోయనిచ్చేది కాదు. జ్వరంతో లేవలేని రోజుల్లో కూడా నేను బకెట్ నింపి పెట్టి రావడమే, పోసుకోవడం ఆమె పని. మామయ్య పోయిన పదకొండో రోజున ఆమెను పీట మీద కూర్చోబెట్టి, గాజులు పగలగొట్టి, నలుగురు ఆడవాళ్లు నెత్తి మీద బిందెలు గుమ్మరించారట. ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి. ఇక తన మీద ఎవరి చేతి నీళ్లూ పడవని ఆ రోజే మనసులో అనుకుందట. మరుసటి ఏడు ప్రభువును నమ్ముకుంది. మా ఇంట్లో మొదటి విశ్వాసి ఆమే. కాలువలో బాప్తిస్మం తీసుకున్న సంగతి చెప్పేటప్పుడు కూడా, "గక్కడ గూడ ఎవలు నీళ్లు పొయ్యలే. నేనే మునిగిన, నేనే లేసిన" అని నవ్వేది.

ఆమె స్నానం పెరట్లో ఒక బండ మీద. బావి తవ్వినప్పుడు బయటపడ్డ రాయిని మామయ్య కొట్టించి వేయించాడట. గరుకుగా ఉండేది. మడమలు రుద్దుకోవడానికి వేరే రాయి అక్కర్లేదు. చుట్టూ మూడు కర్రలకు పాత చీర కట్టి ఉండేది. పొద్దున్నే ఆ చీర చాటు నుంచి నీళ్ల చప్పుడుతో పాటు ఆమె ప్రార్థన వినిపించేది. చదువు రాదు. నేను చదివి వినిపించిన వాక్యాన్నే తన మాటల్లోకి మార్చుకుని ప్రభువుతో మాట్లాడేది. నేను బోధ చేసేదాన్ని, స్త్రీల కూటం నడిపేదాన్ని. ప్రార్థన మాత్రం నాకు నేర్పింది ఆమె.

మా ఊరు రఘునాథపల్లి దగ్గర. మా సంఘంలో ఏటా ఎండాకాలంలో మూడు దినాల సభలు జరుగుతాయి. వాక్యం చెప్పడానికి దూరం నుంచి దైవసేవకుడు వస్తాడు. ఆయనను ఎవరింట్లో దించాలన్నది పెద్దలు నిర్ణయిస్తారు. ఎన్నో ఏళ్లుగా నేను ఎదురుచూసిన మాట ఆ ఏడు వచ్చింది. భూపాలపల్లి నుంచి వచ్చే సేవకుడు మా ఇంట్లో దిగుతాడన్నారు. ఆ ఆదివారం ప్రార్థన గుడి నుంచి ఇంటికి నడుస్తుంటే నాకు భూమి మీద కాళ్లు ఆనలేదు. ఇంటికి రాగానే మొదట కనిపించింది పెరట్లో ఆ చీర చాటు. దాని పక్కన, తలుపు సరిగా పడని మా పాత స్నానాల గది. సిమెంటు నేల, పాకర పట్టిన మూలలు. ఇక్కడ స్నానం చేయమని దైవసేవకుడికి ఏ ముఖంతో చెప్పాలి?

గది మొత్తం కొత్తగా కట్టించాలని మా ఆయనను ఒప్పించాను. అతిథిని ఆదరించమని వాక్యమే చెబుతుంది కదా అన్నాను. ఆ రోజుల్లో నాకు కావలసిన ప్రతిదానికీ వాక్యంలో ఒక మాట దొరికేది.

బండలు చూడడానికి జనగామ వెళ్తూ అత్తమ్మను కూడా తీసుకెళ్లాము. హైదరాబాద్ రోడ్డు మీద పెద్ద దుకాణం. లోపల టైల్స్ పలకలు గోడల నిండా, బయట షెడ్డు కింద పాలరాయి పలకలు నిలబెట్టి. కొన్ని టైల్స్ పాలరాయిలాగే ఉన్నాయి, కొన్ని చెక్కలా, కొన్ని ఆకాశంలా. దుకాణదారు ఒక తెల్లటి పాలరాయి పలకను నేల మీద పరిచి, మగ్గుతో నీళ్లు పోశాడు. లోపలి బూడిదరంగు గీతలు ఒక్కసారిగా బయటపడ్డాయి. నా కళ్లు దాని మీదే నిలిచిపోయాయి.

"అసలు రాయి మేడం. టైల్స్ ఎంత మంచియైనా ఇంత చల్లగ ఉండయి" అన్నాడతను.

నేను ఆ మాట వింటుండగానే అత్తమ్మ చెప్పులు విప్పి, కుచ్చిళ్లు కాస్త ఎత్తి, ఆ తడి పలక మీద నిలబడింది. నా భుజం పట్టుకుని ఒక కాలు ముందుకూ వెనక్కూ జరిపి చూసింది.

"గిది జారుతది బిడ్డా" అంది.

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. "అవ్వా, గట్ల తొక్కి చూసెటోళ్లల్ల నిన్నొక్కదాన్నే చూసిన" అన్నాడు దుకాణదారు.

"చెప్పు కొనేటప్పుడు తొక్కి చూడరా? గిది గంతే" అని ఆమె అక్కడ నుంచి గేటు దగ్గరికి పోయింది. అక్కడ ఇళ్ల ముందు బండ్లు పెట్టుకునే చోట వేసే ముదురు రంగు టైల్స్ పేర్చి ఉన్నాయి. పార్కింగ్ టైల్స్ అంటారు వాటిని. మీద గళ్లు గళ్లుగా, గరుకుగా ఉంటాయి. ఒకటి కింద పెట్టించుకుని, తనే నీళ్లు పోయించి, దాని మీద నిలబడింది. "గిది ఎయ్యున్రి. గిది కాలు పడుతది."

నాకు సిగ్గేసింది. "అత్తమ్మా, గవి మోటరు సైకిళ్లు నిలబెట్టే కాడ ఏస్తరు. స్నానాల గదిల ఏస్తే జనం నవ్వుతరు" అన్నాను.

"ఎవలు నవ్వుతరే? నేను బట్టలిప్పినంక లోపలికి ఎవలొస్తరు?"

అందరూ మళ్లీ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. గరుకు తెలిసే మామూలు బాత్రూం టైల్స్ కూడా ఉన్నాయని దుకాణదారు చెప్పబోతే నేను వద్దన్నాను. తెల్ల పాలరాయే కావాలన్నాను. అత్తమ్మ ఒక మాట ఒక్కసారే చెప్పేది.

పని జరుగుతున్నప్పుడు ఇంకొకటి చేశాను. మురికినీళ్ల పైపు పెరటి బండ కిందుగా పోవాలన్నాడు మేస్త్రి. పక్కనుంచి తిప్పవచ్చు, కానీ ఒక రోజు ఎక్కువ పడుతుంది. సభలు దగ్గరపడ్డాయి. బండ తీసేయమన్నాను. అతను సమ్మెటతో పగలగొట్టి, ఆ ముక్కలను కొత్త గది నేల కింద నింపుడుకు వేశాడు. అత్తమ్మ వసారాలో కూర్చుని పప్పు ఏరుతూ చూసింది. చీర చాటు కర్రలు తనే పీకి, చీర మడతపెట్టి లోపలికి తీసుకుపోయింది.

పాలరాయి పరిచి, మెషీన్‌తో పాలిష్ పట్టి, వెళ్లేముందు మేస్త్రి నాకు ఒక మాట చెప్పాడు. "అక్కా, ఒక్కటి యాది పెట్టుకో. దీని మీద యాసిడ్ పడొద్దు. పడిందంటే ఆ నున్నగ అంత తినేస్తది. గరుకుబారుతది. మల్ల ఎన్ని చేసినా రాదు."

నేను యాసిడ్ సీసాను ఆ గది దరిదాపుల్లో కూడా ఉంచలేదు.

దైవసేవకుడు వచ్చాడు. మూడు దినాలుంటాడనుకున్నది రెండు పూటలే మా ఇంట్లో ఉన్నాడు. ఒక్కసారి స్నానం చేశాడు. గది గురించి మంచిగానో చెడుగానో ఏమీ అనలేదు. అనవలసిన అవసరం ఆయనకేముంది? వాక్యం బాగా చెప్పాడు. వెళ్లేటప్పుడు అత్తమ్మ తల మీద చేయిపెట్టి ప్రార్థించాడు. ఆయన వెళ్లాక ఆ గదిలోకి పోయి, తడి ఆరిన ఆ తెల్లటి నేలను చూసి, నాలో నేనే చాలా సంతోషపడ్డాను. అది కూడా ఇక్కడ దాచను.

అత్తమ్మ ఆ రోజుల్లో నల్లా దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని సరిపెట్టుకునేది. ఆదివారం పొద్దున తలస్నానం చేయకుండా గుడికి రాదు కదా, ఆ రోజు నేనే బలవంతపెట్టాను. "గంత మంచిగ కట్టించినం. ఎవలి కోసం అత్తమ్మా?" అన్నాను. ముందు రోజే సర్ఫ్ వేసి నేలంతా కడిగాను. ఆమె నా ముఖం చూసింది. తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి పోయి గొళ్లెం పెట్టుకుంది.

మగ్గు పడిన చప్పుడు, వెంటనే ఇంకొక చప్పుడు.

మా ఆయన తలుపు తన్నబోతుంటే లోపలి నుంచి గొంతు వచ్చింది. "ఆగు. వాణ్ణి రానియ్యకు. నా మీద బట్ట లేదు." ఆయన భుజంతో ఒక్కసారి నెడితే గొళ్లెం ఊడింది. ఆయన ముఖం అటు తిప్పుకుని తలుపు సందులోంచి చీర అందించాడు. నేను లోపలికి పోయాను. ఆమె ఒక కాలు వంకరగా పెట్టి, తెల్లటి రాయి మీద, సబ్బు నురగలో పడి ఉంది. నన్ను చూసి మొదట చేతులతో ఒళ్లు కప్పుకుంది. నొప్పి గురించి తర్వాత చెప్పింది.

తుంటి ఎముక విరిగింది. జనగామ దవాఖానలో చూసి వరంగల్ తీసుకుపొమ్మన్నారు. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. ఇంటికి వచ్చాక నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుని మంచం నుంచి గుమ్మం దాకా వచ్చేది, అంతే. ప్రార్థనకు మోకాళ్లు వేయడం ఇక అయిపోయింది. స్నానానికి ఇక నా చేయి కావాలి. మొదటి రోజు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేను మగ్గు ఎత్తితే ఆమె కళ్లు మూసుకుంది. పోస్తున్నంతసేపూ తెరవలేదు. ప్రార్థన చేస్తున్నదేమో అనుకున్నాను. పెదవులు కదలలేదు.

శుక్రవారం ఉపవాస కూటం ఆమె కోసమని మా ఇంట్లోనే పెట్టాము. ఆడవాళ్లంతా మంచం చుట్టూ చాపల మీద కూర్చున్నారు. నేనే లేచి చెప్పాను. సభలు మా ఇంట్లో దీవెనకరంగా జరిగినందుకు ఓర్వలేక శత్రువైన సాతాను ఈ పని చేశాడన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. కొందరు ఏడ్చారు. ఎంతో బాగా చెప్పాను.

వాళ్లు వెళ్లిపోయాక చాపలు చుడుతుంటే అత్తమ్మ పిలిచింది.

"ఏమే, సైతాను మన బాత్రూములకెందుకొస్తడే? ఆనికి వేరే పని లేదా?"

ఆమె గొంతులో కోపం లేదు. నాకు తెలియని సంగతి ఏదో అడుగుతున్నట్టుగానే అంది.

"ఆ బండలు మనమే గద ఏసుకున్నది" అని అటు తిరిగి పడుకుంది.

నువ్వే అని అనవచ్చు, మనమే అంది. ఆ మాట వారాల తరబడి నన్ను వదల్లేదు. ప్రార్థనకు కూర్చుంటే అదే. దుకాణంలో ఆమె తడి పలక మీద కాలు జరిపి చూడడం, మేం నవ్వడం. నా పాపం ఏదో నాకు స్పష్టంగా తెలుసు. దైవసేవకుడి పేరు చెప్పి నేను నా కోసమే కట్టుకున్నాను. ఆమె చెప్పినది విని, జనం నవ్వుతారని తోసేశాను. దాన్ని సాతాను మీద వేసి, అందరితో ఆమెన్ అనిపించాను.

మరో నెలకు మా ఇంట్లోనే జరిగిన కూటంలో లేచి ఒప్పుకున్నాను. అది శత్రువు పని కాదు, నేను చేసింది అన్నాను. టైల్స్ దుకాణం సంగతి, బండ పగలగొట్టించిన సంగతి, సర్ఫ్ వేసి కడిగిన సంగతి, అన్నీ చెప్పాను. తర్వాత మాలో పెద్దావిడ నా వీపు నిమిరింది.

"ఊకో చెల్లే. అంత ప్రభువు చిత్తం. ఆయనకు తెలువకుంట ఏమైతది?"

ఎవరో పాట ఎత్తుకున్నారు, కంజీర మోగింది. వాళ్లు ప్రేమతోనే అన్నారు. కానీ నేను మొదట సాతాను మీద వేసినది, వాళ్లు ఇప్పుడు ప్రభువు మీద వేశారు. పాట అయ్యేదాకా తల దించుకునే ఉన్నాను. మంచం మీద అత్తమ్మ కూడా పాడలేదు.

మరునాడు మేస్త్రిని పిలిచి పాలరాయి తీసేయమన్నాను. "తీస్తే కింద పైపులు పోతయ్ అక్కా, గోడ గూడ కదులుతది. మల్ల మొదటి నుంచి కట్టుడే" అన్నాడు. దవాఖాన ఖర్చుల తర్వాత ఆ మాట మా ఆయనతో అనే ధైర్యం నాకు లేదు. మేస్త్రి వెళ్లాక అతను అప్పుడు చెప్పినది గుర్తొచ్చింది.

కిరాణా దుకాణంలో రెండు యాసిడ్ సీసాలు తెచ్చాను. ముక్కుకు కొంగు కట్టుకుని, తలుపు బార్లా తెరిచి పోశాను. రాయి బుసబుసమని పొంగింది. కళ్లు మండాయి. చీపురు పుల్లలతో రుద్ది, కడిగి, మళ్లీ పోశాను. నున్నదనం పోయింది. బూడిదరంగు గీతలు కూడా మసకబారాయి. చేత్తో తడిమితే గరుకు తగిలింది. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ప్రభువు నడుముకు తుండు కట్టుకుని కాళ్లు కడగడానికి వంగిన సంగతి నేను ఎన్నిసార్లు బోధించానో. ఎప్పుడూ వంగిన మనిషి గురించే చెప్పాను. కాళ్లు చాపి కడిగించుకోవలసి వచ్చిన వాళ్ల సంగతి ఆలోచించలేదు.

ఇప్పుడు ఆ గదికి అత్తమ్మను కుర్చీతో సహా తీసుకుపోతాము. ప్రతిసారీ గడప దగ్గర అడుగుతుంది.

"జారుతదా?"

"జారది అత్తమ్మా. యాసిడ్ పోసిన. నీ బండ లెక్కనే అయింది."

"ఊఁ" అంటుంది. కాళ్లు మాత్రం నేలకు ఆనించదు. కుర్చీ కడ్డీ మీద పెట్టుకుంటుంది.

మొన్న ఒక రోజు మగ్గు తన చేతికి ఇమ్మంది. బకెట్ కుర్చీకి ఆనించి పెట్టమంది.

"నువ్వు బయటికి పో. తలుపు దగ్గరికెయ్యి."

తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాను. మగ్గు బకెట్లో మునిగిన చప్పుడు వినిపించింది. కాసేపటికి నీళ్లు కొన్ని నేల మీద పడ్డ చప్పుడు. మళ్లీ మగ్గు మునిగింది. ఈసారి నీళ్లు పడ్డ చప్పుడు రాలేదు. ప్రభువా, ఇంకొక్క మగ్గు, అని అడిగాను. అంతకన్నా మనసుపెట్టి నేను ఏ కూటంలోనూ ప్రార్థించలేదు. తలుపు తీయాలని చేయి గొళ్లెం దాకా పోయింది. పిలవకుండా తీయకూడదని వెనక్కి తీసుకున్నాను.

చాలాసేపటికి పిలిచింది.

"రా బిడ్డా. నువ్వే పొయ్యి."