బుగ్గలోడి అచ్చు

మా వదినకి మర్చిపోవడం చేతకాదు. తన పెళ్లిలో ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారో, ఎవరు భోజనం చెయ్యకుండా మూతి ముడుచుకుని వెళ్లిపోయారో ఇప్పటికీ పూస గుచ్చినట్టు చెబుతుంది. నేను ఎప్పుడో పట్టుకెళ్లి తిరిగి ఇవ్వని కత్తెర సంగతీ ఆవిడకి గుర్తే. నోరు తెరిచి అడగదు. నేను వెళ్లినప్పుడల్లా ఆ కత్తెర తగిలించే మేకు వైపు ఒక చూపు చూస్తుంది, అంతే. నేను కుట్టుపని చేసుకునేదాన్ని, కత్తెర విలువ తెలిసినదాన్ని, అందుకే ఆ చూపు నాకు మరీ గుచ్చుకుంటుంది. అలాంటి మనిషి ఒక్కసారి మర్చిపోయింది. నేను చెప్పబోయేది ఆ ఒక్కసారి గురించే.

మా అన్నయ్య జంతువుల్ని చేసేవాడు. ఏ అడవిలోనూ కనిపించని జంతువులు. పిల్లలు నేలకేసి కొట్టి ఆడుకునే బొమ్మలు కావవి. గ్యాలరీలో తెల్లటి దిమ్మల మీద నిలబెట్టి, పైనుంచి లైటు వేసి, పక్కన "ముట్టుకోరాదు" అని రాసిపెట్టే బొమ్మలు. మా నాన్న ఉన్నన్నాళ్లూ "ముట్టుకోకూడని బొమ్మ, బొమ్మెలా అవుతుందిరా?" అని అడుగుతూనే ఉన్నాడు. అన్నయ్య తర్వాత చేసిన జంతువుకి మా నాన్న చెవులు పెట్టాడు. ఇంకోదానికి మా మేనత్త మూతి. నా ముక్కు కూడా ఒక తొండానికి మొదలుగా వెళ్లి చేరింది. గ్యాలరీలో జనం దాని ముందు నిలబడి "ఏం ఊహాశక్తి!" అని మెచ్చుకుంటుంటే నేను చేత్తో ముక్కు కప్పుకుని పక్క గదిలోకి తప్పుకున్నాను.

జంతువుని ఎండని నూనెమట్టితో మలచడం వరకే అన్నయ్య పని. దాని చుట్టూ సిలికాన్ పోసి అచ్చు తియ్యడం, ఆ అచ్చులో రెజిన్ పోసి బొమ్మ పుట్టించడం, గరుకు కాగితంతో అతుకులు రుద్ది రంగులు వెయ్యడం, అదంతా వదిన పని. పెళ్లికి ముందు ఆవిడ కట్టుడు పళ్ల సెట్లు చేసే చోట పనిచేసేది. అక్కడ ఒక్క గాలిబుడగ మిగిలినా ఎవరో ఒక ముసలాయన చిగుళ్లు కోసుకుపోతాయి. ఆ శ్రద్ధే ఇక్కడికీ తెచ్చుకుంది. అన్నయ్య చేసిన జంతువుల నోళ్లలో పళ్లు అంత నిజంగా ఎలా ఉంటాయని అందరూ అడిగేవాళ్లు. ఆ పళ్లు వదిన పోసినవని దిమ్మ మీది కార్డులో ఎక్కడా ఉండదు. దాని మీద ఆవిడకేం బాధ లేదు. బాధంతా నాకే.

అన్నయ్య నోరు మంచిది కాదు. నోరు కటువైనా మనసు వెన్న అంటారు కదా కొందరి గురించి, ఆ వెన్న నాకెప్పుడూ కనబడలేదు. రంగు ఒక పిసరు ముదిరితే తిట్టు, అతుకు దగ్గర గీత మిగిలితే తిట్టు, ఏ తప్పూ దొరక్కపోతే ఎందుకు దొరకలేదని తిట్టు. వదిన వినేది, నవ్వేది, సరిచేసేది. ఆ ఇంట్లో తిట్లు వినబడుతున్నాయంటే పని సాగుతోందని లెక్క.

ఒక ఉదయం పళ్లు తోముకుంటూ అన్నయ్య కూలబడిపోయాడు. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీలో ఇంటికి వచ్చాక, మాటలు నేర్పే అమ్మాయి ఒకామె రోజూ రావడం మొదలుపెట్టింది. ఓర్పుగల పిల్ల. "మాటలన్నీ లోపలే ఉన్నాయండీ, బయటికొచ్చే దారే మూసుకుపోయింది. రోజూ నడిస్తే దారి పడుతుంది, మానేస్తే గడ్డి మొలుస్తుంది. ఈ కొద్ది నెలలే ముఖ్యం," అని మాకు ముందే చెప్పింది.

అన్నయ్య మొదట్లో ప్రయత్నించాడు. అప్పుడే ఆయన పాత స్నేహితుడు, బోర్డులు రాసే పెయింటరు, చూడటానికొచ్చాడు. అన్నయ్యకి దాహం వేసింది. నీళ్లు అనబోతే నోట్లోంచి "కుర్చీ" అని వచ్చింది. మళ్లీ అన్నాడు, మళ్లీ కుర్చీయే. పెయింటరు చెడ్డవాడు కాదు. నవ్వొచ్చింది, నవ్వేశాడు, వెంటనే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కానీ అన్నయ్య నోరు ఆ నవ్వు దగ్గరే మూసుకుపోయింది. తర్వాత ఆ అమ్మాయి వస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు. వదిన బతిమాలింది. నేను బతిమాలాను, అరిచాను, ఒకసారి అన్నం ముద్ద పట్టుకుని "అన్నం అను, పెడతా" అని బెదిరించాను కూడా. తినకుండా పడుకున్నాడు తప్ప పెదవి కదపలేదు. ఆ పిల్ల కూడా చివరికి, "ఆయనకి ఇష్టమైనప్పుడు పిలవండి, వస్తాను," అని వెళ్లిపోయింది. ఆమె చెప్పిన ఆ కొద్ది నెలలు అలా కరిగిపోతుంటే ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

అన్నయ్య బల్ల మీద, ప్లాస్టిక్ కవరు కింద, పడిపోవడానికి ముందు పూర్తిచేసిన ఆఖరి జంతువు ఉంది. పిల్లి అంత ఉంటుంది. గొంతుక్కూర్చుని, పొట్ట మీద మూడేసి వేళ్ల చేతులు రెండూ ఆనించుకుని, రెండు బుగ్గలూ ఉబ్బించుకుని ఉంటుంది. ఏదో దొంగతనంగా నోట్లో వేసుకుని, అడిగితే లేదని తల ఊపేలా ఉంటుంది. దానికి బుగ్గలోడని పేరు పెట్టింది నేనే. మట్టి మీద అన్నయ్య కుడి బొటనవేలి గీతలు ఎక్కడికక్కడ కనబడుతున్నాయి. ఆ చెయ్యి ఇక మట్టి పట్టదని డాక్టరు చెప్పేశాడు.

గ్యాలరీ ఆవిడ ఫోన్ చేసి, ప్రదర్శన ఆపేద్దామా అని మొహమాటంగా అడిగింది. వదిన వద్దంది. "బుగ్గలోణ్ణి ఇస్తాను, జరగనివ్వండి," అంది.

"ఇప్పుడెందుకు వదినా ఇదంతా నెత్తినేసుకోవడం?" అన్నాను.

"ఆయన కళ్లెదురుగా పోస్తానమ్మాయ్. కుర్చీ తోసుకొచ్చి పక్కనే పెట్టుకుంటా. తన పని వేరేవాళ్ల చేతిలో ఉంటే ఆయన ఊరుకోగలరా? నన్ను తిట్టడానికైనా నోరు తెరుస్తారు."

అదీ ఆవిడ ఆశ. అదొక్కటే మిగిలింది కూడా. మట్టిబొమ్మకి అచ్చు తియ్యడం ఒక్కసారే కుదురుతుంది, అచ్చులోంచి తీసేటప్పుడు మట్టి ఎలాగూ చితికిపోతుంది. అచ్చు చెడితే బుగ్గలోడు లేడు, బుగ్గలోడు లేకపోతే ఆయన్ని ఊరించడానికి ఇంట్లో మరో జంతువు లేదు.

పని వెనక గదిలో మొదలైంది. బొమ్మని సగం దాకా మెత్తటి మట్టిలో కూర్చోబెట్టి, చుట్టూ పెట్టె కట్టి, పైసగం మీద సిలికాన్ పోసింది వదిన. అది గట్టిపడ్డాక, మర్నాడు పెట్టె తిరగేసి, కింది మట్టి తీసేసి, రెండో సగం పొయ్యాలి. ఆ మర్నాడు నేను టీ పట్టుకుని వెళ్లేసరికి ఆవిడ రెండో సగం కోసం సిలికాన్ డబ్బాలో కర్రతో తిప్పుతోంది. అన్నయ్య పక్కనే కుర్చీలో ఉన్నాడు. ఉన్నట్టుండి ఎడమచేత్తో కుర్చీ చెయ్యి మీద కొట్టడం మొదలుపెట్టాడు. మొహం కందిపోయింది. గొంతులోంచి బ, బ, బ అని వస్తోంది.

వదిన డబ్బా దించి పరిగెత్తింది. "ఏం కావాలండీ? నీళ్లా?" గ్లాసు నోటికి అందిస్తే తోసేశాడు. "బాత్రూమా? ఎండ తగులుతోందా?" పరదా వేసింది. ఇంకా గట్టిగా కొట్టాడు. "నేను పొయ్యడం ఇష్టం లేదా? అదైనా చెప్పండి. నోరు తెరిచి ఒక్కమాట వద్దనండి, ఆపేస్తాను." ఆయన పెదవులు కదిలాయి. నేనూ వదినా ఆ పెదవులే చూస్తున్నాం. మళ్లీ కుర్చీ అని వస్తుందేమోనని భయపడ్డాడో ఏమో, పెదవులు మూసేసుకున్నాడు. చెయ్యి ఒళ్లో పడేసుకున్నాడు. డబ్బాలో సిలికాన్ చిక్కబడిపోతోంది, అది ఎవరికోసమూ ఆగదు. వదిన వెళ్లి పోసేసింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు పెట్టె పలకలు విప్పి, రెండు సగాల్నీ విడదియ్యబోతే రాలేదు. వదిన గోరుతో అంచు వెతికింది. అంచు లేదు. చుట్టూ తిప్పింది. నాలుగువైపులా ఒకే నున్నటి దిమ్మ. అలా చూస్తూ చూస్తూ నేల మీద కూలబడిపోయింది.

"మైనం రాయలేదు నేను," అంది.

సిలికాన్ దేనికీ అంటుకోదట, ఒక్క సిలికాన్‌కి తప్ప. అందుకే రెండో సగం పోసేముందు మొదటి సగం మీద పలుచగా మైనం రాయాలి. రాయకపోతే రెండూ కలిసి ఒకటైపోతాయి, లోపల బొమ్మ సమాధి అయిపోతుంది. ఈ పనిలో అడుగుపెట్టినవాళ్లకి మొదటిరోజే నేర్పే పాఠమిది. ఇన్నేళ్లలో వదిన ఒక్కసారీ తప్పలేదు. ఎందుకు తప్పలేదో అప్పుడు ఏడుస్తూ చెప్పింది. ప్రతిసారీ అన్నయ్య తన బల్ల దగ్గర్నుంచి తలెత్తకుండానే "మైనం?" అని అరిచేవాడట. "అయింది," అనేదట ఈవిడ. తనని నమ్మడని మొదట్లో కోపం వచ్చేదట, తర్వాత అలవాటైపోయిందట. ఆ కేక వినబడ్డాకే తన చెయ్యి బ్రష్షు అందుకుంటోందని ఆవిడకి కూడా తెలియదు. నిన్న ఆ కేక లేదు. ఉన్నదల్లా కుర్చీ మీద దెబ్బలు.

ఇద్దరం ఒక్కసారే అన్నయ్య వైపు చూశాం. ఆయన తల దించుకున్నాడు.

వదిన ముక్కు తుడుచుకుని లేచింది. పళ్ల సెట్లు చేసిన రోజుల నాటి సన్నటి కత్తి తీసింది. "గట్టిగా పట్టుకో," అంది. దిమ్మని రెండు చేతులతో అదిమిపట్టాను. రెజిన్ పొయ్యడానికి వదిలిన రంధ్రం దగ్గర మొదలుపెట్టి, మొన్న మట్టిలో రెండు సగాల మధ్య గీత ఎక్కడ పెట్టిందో జ్ఞాపకం మీద, లోపల ఏముందో కనబడకుండా కోసుకుంటూ వచ్చింది. వీపు దాటింది. తల దాటింది. రెండు చెవుల మధ్య నుంచి సరిగ్గా దిగింది. మొహం దగ్గర సిలికాన్ సాగింది, కత్తి జారింది. మెత్తటిదేదో తెగినట్టు నా చేతికే తెలిసింది. వదినకి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆగకుండా చివరిదాకా కోసి, దిమ్మని తెరిచింది.

బుగ్గలోడి ఎడమ బుగ్గ రెండుగా తెగిపోయి ఉంది. మట్టి నలిగిపోయింది. అన్నయ్య వేలిగీతల మీదుగా కత్తి వెళ్లింది.

వదిన అచ్చు లోపల వేలు పెట్టి నెమ్మదిగా తడిమింది. "అచ్చు పనికొస్తుంది. బుగ్గ మీద ఒక గీత పడుతుంది, రుద్దుకోవచ్చు," అంది, పనిమనిషికి పని అప్పజెప్పినంత మామూలుగా. నిజంగానే పనికొచ్చింది. ప్రదర్శన జరిగింది, బుగ్గలోడు తెల్లటి దిమ్మ ఎక్కాడు, జనం చూసి పొగిడారు కూడా. కానీ నాకు ప్రదర్శన రోజు పెద్దగా గుర్తులేదు. ఆ గదే గుర్తుంది.

ఎందుకంటే ఆ మాట అన్నాక, తెగిన మట్టిబుగ్గని అరచేతిలో పెట్టుకుని వదిన భోరుమంది. "ఆయన చేతిపని. ఇక ఇలాంటిది ఇంకోటి లేదు. నా బుద్ధి గడ్డి తిని నేనే కోశాను. అంతా నా తప్పే."

"కా..."

ఇద్దరం తలెత్తాం. అన్నయ్య కుర్చీలో ముందుకి వంగి ఉన్నాడు. నుదుటి మీద చెమట. నోరు ఒకవైపుకి లాగేస్తోంది.

"కా... దు."

వదిన ఊపిరి తీస్తే మాట ఎగిరిపోతుందేమోనన్నట్టు అలాగే కూర్చుంది.

"త... త..." మాట రాలేదు. వేరే ఏదో శబ్దం వచ్చింది, కుర్చీ కూడా కాదు, అర్థంలేనిది. ఇక ఆపేస్తాడనుకున్నాను. ఆపలేదు. కళ్లు గట్టిగా మూసుకుని మళ్లీ మొదలుపెట్టాడు. "తప్పు. నా... నాది."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ నోట ఆ మాట నేను వినలేదు. మా నాన్న చనిపోయే ముందు ఏదో పాత గొడవకి తప్పు ఒప్పుకొమ్మని అడిగినా అనలేదు. నెలల తరబడి మూసుకున్న నోరు తెరిచి, ఉన్న బలమంతా దాని మీదే ఖర్చుపెట్టాడు.

"మీరేం చేశారండీ?" అంది వదిన. "మైనం మర్చిపోయింది నేను."

అన్నయ్య ఎడమచెయ్యి ఎత్తి తన కళ్లు చూపించాడు. తర్వాత నోరు చూపించాడు. "చూశా," అన్నాడు. చాలాసేపటికి, "చెప్ప... లేదు."

వదిన మోకాళ్ల మీద జరిగి ఆయన దగ్గరికి వెళ్లింది. చేతిలో ఆ మట్టిముక్క అలాగే ఉంది. ఇన్నేళ్లూ ఆయన ఏమన్నా విని నవ్వి ఊరుకున్న మనిషి, ఆ రోజు మొదటిసారి ఎదురు చెప్పింది.

"కాదు, నాదే."

"నా... ది."

"నాది అంటుంటే మీక్కాదూ?"

అన్నయ్య కుర్చీ చెయ్యి మీద గట్టిగా కొట్టాడు. కోపంగా, స్పష్టంగా, వీధిలోకి వినబడేంత గట్టిగా, "నాది!" అన్నాడు.