నా నత్తల సంగతి మౌనిక చెప్పేసింది

మా చిన్నప్పుడు... జర్మనీలోని ఇల్మెనౌలో మేముండే అపార్ట్‌మెంటు వెనక, చెట్ల కింద ఒక రాయి ఉండేది. వాన వెలిస్తే చాలు, రొమ్ము మీద మచ్చలున్న పిట్ట ఒకటి నత్తల్ని తెచ్చి ఆ రాతికేసి కొట్టి తినేది...

రాతి చుట్టూ పడ్డ పెంకుల్లో పసుపువే ఎక్కువని నేను కనిపెట్టాను. మట్టిరంగువి ఎండుటాకుల్లో కనిపించక బతికిపోతున్నాయి! ఎవరికీ చెప్పలేదు. ఇంకా బాగా చూసి, బడిలో చెప్పాలని ఆశ... నా జర్మన్ విని నవ్వేవాళ్లు మరి.

పై అంతస్తులో మౌనిక వాళ్లుండేవారు. వరంగల్ వాళ్లు. నా క్లాసే. ఒకరోజు పరుగెత్తుకొచ్చింది.

"ఏయ్, చూసినవా? పసుపు నత్తలు పిట్టకు జల్ది కనబడ్తున్నయ్. మట్టిరంగువి బతికి పిల్లల్ని పెడ్తున్నయ్. ఇట్లనే అయితే కొన్నేండ్లకు ఈడ అన్నీ మట్టిరంగువే ఉంటయ్! రేపు టీచర్‌కి చెప్త!"

ఒళ్లు మండిపోయింది... పిల్లల సంగతి నాకసలు తట్టనే లేదు. ఆ మంట ఇంకా ఎక్కువ.

ఇంటికెళ్లి ఏడ్చాను. "అది నాది నాన్నా!"

నాన్న పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఇలా పరిసరాలకి తగినవే బతికి పెరగడాన్ని ప్రకృతివరణం అంటారు. దాని కథ కూడా ఇంతేనమ్మా. ఒకాయన ఆ సంగతి కనిపెట్టి, రుజువులు చాలవని ఏళ్ల తరబడి దాచుకున్నాడు. ఎక్కడో దీవుల్లో జ్వరంతో పడుకున్న ఇంకో కుర్రాయనకి అదే తట్టింది. రాసి, చూడమని ఈ పెద్దాయనకే పంపాడు."

"చింపేశాడా?"

"లేదమ్మా. బాధపడ్డాడు, కానీ స్నేహితులకి చూపించాడు. వాళ్లు ఇద్దరిదీ ఒకే సభలో చదివించారు. ఆ కుర్రాయనా ఏమీ అనుకోలేదు. తర్వాత ఆ సిద్ధాంతాన్ని పెద్దాయన పేరుతోనే పిలిచాడు."

మర్నాడు బడికి వెళ్తూ, నేనూ ముందే చూశానని మౌనికకి చెప్పాను. నమ్మదనుకున్నాను.

"అట్లనా? అయితే ఇద్దరం చెప్దాం పా" అంది... అంతే! అంత తేలిగ్గా ఎలా అనగలిగిందో... నా కుళ్లంతా ఇప్పటికీ ఆ తేలికదనం మీదే.

క్లాసులో పెంకుల గురించి నేను, పిల్లల గురించి తను చెప్పాం. ఎవరూ నవ్వలేదు. కానీ టీచర్ "వుండర్‌బార్!"... అద్భుతం అన్నది మాత్రం మౌనిక వంక చూస్తూనే...

ఇప్పుడు మౌనిక నత్తల మీదే పరిశోధన చేస్తోంది. నేను జీగెన్ అనే ఊళ్లో ఆఫీసు, మీటింగులు. తను ఫోటో పెట్టినప్పుడల్లా కడుపు మండుతుంది... మొదటి లైకు మాత్రం నాదే.

ఈమధ్య మా పాపని వానలో నత్తలు చూద్దాం రమ్మంటే, "ఫోన్‌లో ఉంటుంది కదా, అమ్మా" అంది. నిజమే... అన్నీ ముందే చెప్పేసే ఫోను మీద ఎవరికైనా కుళ్లు ఎందుకొస్తుంది?

మీరు కనిపెట్టినదాన్ని మీకంటే ముందు చెప్పేసిన మీ మౌనిక ఎవరు? పేరు కింద రాయండి... వాళ్లు కూడా చూస్తారు.